డెబ్బై దొంగ టిక్కులు

2016 నవంబర్. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తాను. ఖరీఫ్ వడ్లు వచ్చే రోజులంటే మాకు ఇల్లూ వాకిలీ గుర్తుండవు. రాత్రి పదకొండు దాకా కాంటా దగ్గరే నిలబడాలి. అందుకే ఒళ్ళు అలిసిపోతుంటే పని ఎక్కువై అనుకున్నాను. రెండు ముద్దలు తినేసరికి కడుపు నిండిపోయేది. ఎడమ డొక్కలో ఏదో బరువు. రాత్రుళ్ళు చెమటకు బనియన్ పిండుకోవచ్చు. మా వీధిలో డాక్టరు మూడు నెలల పాటు గ్యాస్ గోలీలే రాశాడు. ఆయన మీద ఇప్పుడు కోపమేమీ లేదు. ఒక్కసారి పొట్ట మీద చెయ్యి పెట్టి చూసి ఉంటే బాగుండేదని మాత్రం ఇప్పటికీ అనిపిస్తుంది. ఎందుకంటే అప్పటికే నా పొట్టలో ఎడమవైపుండే ప్లీహం ఉబ్బి పక్కటెముకల కిందికి జానెడు దిగి ఉంది.

చివరికి రక్తపరీక్ష చేయించుకుంటే తెల్లకణాలు 1,86,000. ఉండాల్సింది 4,000 నుంచి 11,000. ల్యాబ్ కుర్రాడు ఆ కాగితం నా చేతికివ్వకుండా మళ్ళీ రక్తం తీశాడు. మళ్ళీ అదే అంకె. ఇరవై ఏళ్ళుగా లెక్కలు రాస్తున్నవాణ్ణి, అంకె చూస్తే తప్పెక్కడుందో తెలిసిపోతుంది. ఈ అంకెలో తప్పు కాగితం మీద లేదని అర్థమైంది.

హైదరాబాద్ నిమ్స్‌కు బయల్దేరాం. నోట్ల రద్దు రోజులవి. మా ఆవిడ పోపుల డబ్బాలో దాచుకున్న వంద నోట్లన్నీ పట్టుకొచ్చింది. బావమరిది తోడు వచ్చాడు. "రక్తంలో ఇన్ఫెక్షన్ అంట బావా" అన్నాడు. బస్సులో మా ఆవిడ కిటికీ వైపే తిరిగి కూర్చుంది, నల్గొండ దాటినా నా వైపు చూడలేదు. లోపల ఓపీ దగ్గర 'మెడికల్ ఆంకాలజీ' అన్న బోర్డు చదివాను, అంటే క్యాన్సర్ విభాగం. చదవనట్టే ఉండిపోయాను. వాళ్ళు నా కోసం దాస్తుంటే, నేను వాళ్ళ కోసం తెలియనట్టు నటించాను.

డాక్టరమ్మ ఫైలు చూసి బావమరిదిని అడిగింది, పేషెంటుకు తెలుసా అని. వాడు తల అడ్డంగా ఊపాడు. "రోజూ మందు వేసుకోవాల్సింది ఆయన. ఆయనకే చెప్తాను" అని కుర్చీ నా వైపు లాక్కుంది. ఓపీ చీటీ వెనక రెండు గీతలు గీసింది. కణాల్లో జన్యువులుండే పోగులను క్రోమోజోములంటారట. ఒక గీత 9వ క్రోమోజోమ్, ఇంకొకటి 22వది. దీని ముక్క విరిగి దాని మీద, దాని ముక్క దీని మీద అతుక్కున్నాయి. ఆ అతుకు దగ్గర బీసీఆర్-ఏబీఎల్ అనే కొత్త జన్యువు తయారై, తెల్లకణాలు పుట్టించమని ఎముక మజ్జకు ఆగకుండా చెబుతూనే ఉంటుంది. జబ్బు పేరు క్రానిక్ మైలాయిడ్ ల్యుకేమియా, ఒక రకం రక్త క్యాన్సర్, అందరూ సీఎంఎల్ అంటారు. అలా ముక్క పోయి పొట్టిదైన 22వ దాన్ని 1960లో ఫిలడెల్ఫియాలో కనిపెట్టారు కాబట్టి దానికి ఆ ఊరి పేరే పెట్టారట.

రెండు ఖాతాల పేజీలు తారుమారుగా కుట్టేస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. మొదటిసారి భయం కొంచెం తగ్గింది. "మా పిల్లలకు వస్తదా మేడమ్?" అని అడిగాను. అమ్మానాన్నల నుంచి వచ్చేది కాదు, పిల్లలకు పోయేదీ కాదు అంది. మందు రోజుకొక గోలీ, ఇమాటినిబ్ 400 మిల్లీగ్రాములు, అన్నం తిన్నాక నిండు గ్లాసు నీళ్ళతో. క్యాన్సర్‌కు గోలీయా అని మా ఆవిడ నమ్మలేదు.

నమ్మించింది వరండాలో కూర్చున్న వరంగల్ పెద్దాయన. పన్నెండేళ్ళుగా అదే గోలీ మీద ఉన్నాడు. విదేశీ కంపెనీ గోలీ అయితే నెలకు సుమారు లక్షా ఇరవై వేలయ్యేదనీ, మన హైదరాబాద్ నాట్కో వాళ్ళు తక్కువ ధరకు తయారుచేయబట్టే తాను బతికాననీ చెప్పాడు. 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు ఆ విదేశీ కంపెనీకి పేటెంట్ ఇవ్వడం కుదరదని తీర్పిచ్చిన రోజు వాళ్ళింట్లో పాయసం చేసుకున్నారట. ఆ మాట చెబుతుంటే ఆయన గొంతు వణికింది.

నెల తిరిగేసరికి తెల్లకణాలు మామూలుకొచ్చాయి. పొద్దున లేస్తే కళ్ళ కింద ఉబ్బు, అర్ధరాత్రి పిక్కలు పట్టేయడం, పరగడుపున వేసుకుంటే వాంతి. చర్మం కూడా తెల్లబడింది, అదీ ఈ మందు వల్లే. "పట్నం నీళ్ళు పడ్డట్టున్నయ్, రంగు తేలినవ్" అనేవారు మిల్లులో. నవ్వి ఊరుకునేవాణ్ణి.

మిల్లులో ఇచ్చే ఎర్ర అట్ట పద్దుపుస్తకం ఒకటి ఈ జబ్బు కోసం పెట్టాను. తేదీ, పక్కన గోలీ వేసుకున్నట్టు టిక్కు. అసలు జబ్బు ఎంత మిగిలిందో, రక్తంలో ఆ బీసీఆర్-ఏబీఎల్‌ను కొలిచే పీసీఆర్ పరీక్ష చెబుతుంది. మూడు నెలలకు 10 శాతం లోపు, ఆరు నెలలకు 1 శాతం, ఏడాదికి 0.1 శాతానికి దిగితే మందు బాగా పనిచేస్తున్నట్టు. నావి 6.2, 0.9, 0.08. ఆ మూడు అంకెల కిందా రెండేసి గీతలు గీసుకున్నాను.

2019 వేసవిలో అమ్మాయికి సంబంధం కుదిరింది. ఇంటి నిండా చుట్టాలు. రాత్రి అన్నాల దగ్గర గోలీ తీస్తే ఏం మందని అడుగుతారు. తండ్రికి క్యాన్సరంటే వంశంలో ఉందంటారు, సంబంధం తప్పిపోతుంది. పిల్లలకు రాదని డాక్టరమ్మ చెప్పిన మాట నాకు తెలుసు గానీ పదిమందికీ ఎలా చెప్పను? వారం రోజులు మానేశాను. చుట్టాలు వెళ్ళిపోయాక కూడా మొదలుపెట్టలేదు. కళ్ళ ఉబ్బు దిగిపోయింది, పిక్కలు పట్టడం పోయింది, ఒంట్లో ఏ బాధా లేదు. ఇక నయమైందేమో అనిపించింది. మా ఆవిడ పుస్తకం చూస్తుందని రోజూ టిక్కు మాత్రం పెడుతూ వచ్చాను. డెబ్బై రోజులు.

మిల్లు లెక్కల్లో ఏనాడూ ఒక్క దొంగ పద్దు రాయలేదు నేను.

తర్వాతి పీసీఆర్ 3.4. డాక్టరమ్మ కోప్పడలేదు. "మందు పనిచెయ్యడం మానేసిందా, మీరు వేసుకోవడం మానేశారా? అది తెలియకపోతే తప్పు మందు రాస్తాను" అంది. పక్కనే మా ఆవిడ, నా మీద నమ్మకంతో ఎర్ర పుస్తకం తెరిచి చూపిస్తోంది. "ఒక్క రోజు కూడా మానలేదు మేడమ్, చూడున్రి" అంటోంది. ఆ పుస్తకం ఆమె చేతిలోంచి తీసుకుని నేనే నిజం చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. తిరుగు బస్సులో మళ్ళీ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

మందుకు లొంగకుండా జన్యువులో మార్పేమైనా వచ్చిందేమోనని ఇంకో పరీక్ష పంపారు. ఆ ఫలితం వచ్చే దాకా నాకు నిద్ర లేదు. మార్పు లేదని వచ్చింది. అదే గోలీ మళ్ళీ మొదలుపెట్టాను.

విషయం తెలిసి అమ్మాయి ఏడ్చింది. మర్నాడు తనే అబ్బాయికి ఫోన్ చేసి, నాన్నకు ఫలానా జబ్బు, ఫలానా మందు, నాకు వచ్చేది కాదు అని అంతా చెప్పేసింది. రెండు రోజులు అటు నుంచి ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు వియ్యంకుడు ఒక్కడే మా ఇంటికొచ్చాడు, భోజనం చేశాడు. నేను ఆయన ముందే గోలీ వేసుకున్నాను. "బావగారూ, ఇంకొన్ని నీళ్ళు తాగున్రి" అన్నాడు.

ఆ రాత్రే పుస్తకం తీసి డెబ్బై టిక్కులనూ ఎర్ర సిరాతో ఒక్కొక్కటిగా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను. మా ఆవిడ దీపం ఆర్పకుండా పక్కనే కూర్చుంది.