పిన్నితో పాండీబజారు దాకా

గత జనవరిలో పినాకినీ ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ నుంచి చెన్నై వెళ్లాను. మా పిన్ని ఇల్లు పడమటి మాంబళంలో, లేక్ వ్యూ రోడ్డు పక్క సందులో ఉంది. ఆ రోడ్డు పేరులో తప్ప ఇంకెక్కడా కనిపించని ఆ చెరువును పూడ్చి, 1920ల్లో త్యాగరాయనగర్‌ను నిర్మించారు. 1920లో వచ్చిన మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టం దానికి ఆధారం. పేటకు పేరిచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి, అక్కడి పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా, ఇద్దరూ జస్టిస్ పార్టీ నాయకులు, తెలుగువారే.

డెబ్బై రెండేళ్ల పిన్నికి మోకాళ్ల నొప్పులు. ఆ పేటలోని పాండీబజారుకు వెళ్దామంటే, "ఆ కాలిబాటల గట్లు ఎక్కి దిగడం నా వల్ల కాదు నాన్నా" అంది. బతిమాలి తీసుకువెళ్లాను. మాంబళం స్టేషన్ నుంచి బస్టాండు వరకు 2023లో తెరిచిన ఆకాశ నడకదారి మీద, కింద రంగనాథన్ వీధి రద్దీతో నిమిత్తం లేకుండా, మెల్లగా నడిచాం. అక్కడి నుంచి ఆటోలో, మెట్రో పనుల రేకుల కంచెలు దాటి, పానగల్ పార్కు దగ్గర దిగాం.

పాండీబజారులో కాలిబాటలను వెడల్పు చేసి 2019 నవంబరులో తెరిచారు. అంతకుముందు ఆ కాలిబాటల మీదే వ్యాపారం చేసుకునే చిరు వర్తకులను 2013లో ఒక బహుళ అంతస్తుల సముదాయంలోకి మార్చారు. పిన్ని మొదటి పది అడుగులు నా చెయ్యి పట్టుకుని, నేల చూస్తూ నడిచింది. అడ్డు సందు వచ్చిన చోట కాలిబాట ఏటవాలుగా రోడ్డులోకి దిగి, అవతల మళ్లీ అలాగే పైకి లేచింది. రెండో సందు దాటాక ఆమె నా చెయ్యి వదిలేసింది. తలెత్తి చీరల దుకాణాలు చూస్తూ, మధ్యలో ఒక బల్ల మీద కూర్చుని, తన పెళ్లికి పట్టుచీర కొన్న రోజు సంగతులు చెప్పింది. నగర ప్రణాళిక ఫలితాన్ని నేను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి.

రవాణా నిధుల్లో కనీసం 60 శాతం నడకకూ, సైకిళ్లకూ వెచ్చించాలని చెన్నై నగరపాలక సంస్థ 2014లోనే విధానంగా ఆమోదించింది. అంత మంచి మాట పెద్ద బజార్ల దగ్గరే ఆగిపోకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే వృద్ధులు రోజూ నడిచేది బజారులో కాదు, మందుల దుకాణానికీ గుడికీ వెళ్లే సందుల్లో.

తిరుగు ప్రయాణంలో పిన్ని వీధి మొదట్లో ఆగాం. కాలిబాట గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించరాదని రోడ్ల ప్రమాణాలు రూపొందించే సంస్థ భారత రోడ్ల కాంగ్రెస్ 2012 మార్గదర్శకాలు చెబుతాయి. నేను చేత్తో కొలిస్తే జానెడున్నర ఉంది. దాని పైన ఒక ట్రాన్స్‌ఫార్మర్, రెండు మోటార్‌సైకిళ్లు. పిన్ని మళ్లీ నా చెయ్యి పట్టుకుని, కాలిబాట ఎక్కకుండా, ఆటోల పక్కనుంచే రోడ్డు మీద ఇంటివైపు నడిచింది.