మంచం దగ్గరికి వచ్చిన కబుర్లు

2024 ఆగస్టులో నాకు జీబీఎస్ వచ్చింది. పూర్తి పేరు గులియన్ బారే సిండ్రోమ్. ఆ తర్వాతి ఏడాది మొదట్లో పుణెలోనూ, ఫిబ్రవరికల్లా మన గుంటూరు వైపూ కేసులు వచ్చి పేపర్లో పడ్డాక ఈ పేరు అందరి నోటా నలిగింది. నాకు వచ్చినప్పుడు మాత్రం తెనాలిలో మా వీధిలో ఎవరూ విని ఉండలేదు. అప్పటి నుంచి తెలిసినవాళ్లు, తెలియనివాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు, ఎలా మొదలైంది, ఎన్నాళ్లకు లేచారు అని. అవన్నీ చెబుతాను. కానీ వాటికంటే ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇంకొకటి ఉంది. జబ్బు మనిషికి ఇంటి సంగతులు చెప్పాలా, దాచాలా అన్నది.

మాది తీరిక లేని ఇల్లు. నేను హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. మా ఆయనకి ఎరువుల కొట్టు. ఖరీఫ్‌లో ఆయన భోజనానికి ఇంటికొస్తే అదే పెద్ద విశేషం. పెద్దదానికి హైదరాబాద్‌లో ఉద్యోగం, అప్పటికే సంబంధాలు చూస్తున్నాం. చిన్నాడు ఆ ఏడు ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. అత్తయ్యకు డెబ్బై దాటాయి, ఒక కంట్లో శుక్లం ముదిరింది, ఆపరేషన్ ఇదిగో అదిగో అంటూ వాయిదా వేస్తున్నాం. అమెరికాలో ఉన్న మా తమ్ముడి భార్యకు నెలలు నిండుతున్నాయి. వీళ్లందరి మధ్యా కాటుక. నల్లటి నాటుకుక్క, చిన్నాడు ఆరో తరగతిలో ఉండగా వానలో తడుస్తుంటే జాలిపడి తెచ్చాడు.

ఆగస్టు మొదట్లో ఇంటిల్లిపాదికీ విరేచనాలు పట్టుకున్నాయి. రెండు మూడు రోజుల్లో అందరికీ తగ్గింది, నాకూ తగ్గింది. ఈ జబ్బు చాలామందికి ఇలాగే ఏదో చిన్న ఇన్‌ఫెక్షన్ తగ్గిన కొద్ది రోజులకో, రెండు మూడు వారాలకో మొదలవుతుందట. క్రిమి మీదకి లేవాల్సిన మన రోగనిరోధక శక్తి పొరపాటున మన నరాల మీదకే లేస్తుంది. వరలక్ష్మీ వ్రతం నాడు పీట మీద కూర్చుంటే పాదాలు తిమ్మిరెక్కాయి. మామూలేగా అనుకున్నాను. లేచి తిరిగినా ఆ తిమ్మిరి వదల్లేదు. రెండు రోజులకి డాబా మెట్లు ఎక్కుతుంటే మోకాళ్లలో పట్టు లేదు. ఆ వారంలోనే క్లాసులో బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క చేతిలోంచి జారిపోయింది. తీసి మళ్లీ పట్టుకున్నా నిలవలేదు. ముందు బెంచీ పిల్ల లేచి వచ్చి కుర్చీ వేసింది.

గుంటూరులో నరాల డాక్టరు గారు మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టారు. కాలు ఎగరలేదు. రెండో కాలూ అంతే. అక్కడే ఆయనకు అనుమానం వచ్చింది. తర్వాత నరాల్లో కరెంటు ఎంత వేగంగా పోతోందో చూసే పరీక్ష, వెన్నులోంచి నీరు తీసి చేసే పరీక్ష చేశారు. ఆ నీటిలో ప్రొటీన్ ఎక్కువుండి, కణాలు మాత్రం పెరగకపోతే ఈ జబ్బుకు గట్టి ఆనవాలట. కింద నుంచి పైకి పాకుతుందనీ, నెల లోపల ముదరడం ఆగిపోతుందనీ, ఈలోగా ఊపిరి కండరాల దాకా వస్తుందేమో కనిపెట్టుకుని ఉండాలనీ చెప్పి ఐసీయూలో పెట్టారు.

మందు ఇమ్యూనోగ్లోబ్యులిన్. కిలో బరువుకి రోజుకి 0.4 గ్రాముల లెక్కన ఐదు రోజులు సెలైన్‌లా ఎక్కిస్తారు. వేలాది మంది రక్తదాతల ప్లాస్మా కలిపి దాన్ని తయారు చేస్తారని సిస్టర్ చెప్పింది. ఖర్చు లక్షల్లో అవుతుంది. మా ఆయన బ్యాంకులో బంగారం పెట్టిన సంగతి ఆ సాయంత్రమే చెప్పేశారు. "నీ గొలుసు, గాజులు పెట్టాను, రసీదు బీరువాలో ఉంది" అన్నారు. నాకేం బాధనిపించలేదు. నన్ను ఇంటి లెక్కల్లో ఇంకా ఉంచారు అనిపించింది.

ఊపిరి చూడటానికి ఒక యంత్రంలోకి ఊదించేవారు. దాంతో పాటు ఒక్క గుక్కలో అంకెలు లెక్కపెట్టమనేవారు. నేను అంకెలకు బదులు పదమూడో ఎక్కం అందుకున్నాను. మొదటి సాయంత్రం ఎక్కం మొత్తం ఒప్పజెప్పేశాను. తర్వాత్తర్వాత పదమూడు ఆర్ల డెబ్బయ్యెనిమిది దగ్గర గుక్క తెగిపోయింది. ఎక్కడ ఆగానో సిస్టర్ కేస్ షీటులో రాసుకునేది. ఆ రాత్రి వెంటిలేటర్ సంగతి మా ఆయనకు చెప్పి సంతకం కూడా తీసుకున్నారు. అది అవసరం పడలేదు. కానీ ముఖం మీద కూడా దెబ్బ పడింది. నవ్వితే పెదవి కదిలేది కాదు, కళ్లు పూర్తిగా మూతపడేవి కావు. రాత్రిళ్లు రెప్పలకు టేపు అంటించి పడుకోబెట్టేవారు. మనసు మాత్రం పూర్తి మెలకువగా ఉంటుంది. ఈ జబ్బులో అదే కష్టం. పక్కన ఎవరేం గుసగుసలాడినా వినబడుతుంది, అడుగుదామంటే నోరు తిరగదు.

గుసగుసలు మొదలైంది సెప్టెంబర్ 1న. ముందు రోజు నుంచి ఆగకుండా వాన. తెల్లారేసరికి బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచేసింది. మా వదిన, అంటే మా ఆయన అక్క, వాళ్ల ఇల్లు అక్కడే. ఫోన్లు కలవడం లేదు. పొద్దున నన్ను చూడటానికి వచ్చిన మా అమ్మ, "ఏం లేదమ్మా, వాన పడుతోంది అంతే" అంది. ఆ "అంతే"లో ఏదో ఉందని తెలుస్తూనే ఉంది. ఆ పగలంతా నేను ఊహించుకున్నవి ఇక్కడ రాయలేను. ఇంట్లో ఎవరికో ఏదో అయిందని తెలుసు, ఎవరికో తెలియదు. చిన్నాడికా, అత్తయ్యకా?

సాయంత్రం మా ఆయన వచ్చి చెప్పారు. "సింగ్‌నగర్ మునిగింది. అక్కా వాళ్లు పై అంతస్తులో ఉన్నారు, పక్కింటి వాళ్ల ఫోన్ నుంచి ఒక్కసారి మాట్లాడారు. తిండికి కష్టంగా ఉంది, మనుషులు క్షేమం" అన్నారు. విషయం పెద్దదే. అయినా పొద్దుటి నుంచీ లేని నిద్ర ఆ రాత్రి పట్టింది నాకు. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు పోతోందనీ, బోట్లు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాయనీ, డ్రోన్లతో అన్నం పొట్లాలు పంపుతున్నారనీ వరస పెట్టి చెప్పారు. కొట్టులో అప్పుగా ఇచ్చిన బస్తాలు ఏ లంకల్లో తడిసిపోయాయో కూడా చెప్పారు. వదినా అన్నయ్యగారూ పడవలో బయటపడి తెనాలి చేరారు. వదిన ఒడిలో ఒక చేసంచీ, ఆ సంచీలో పిల్లి. ఒళ్లంతా నేతిలో వేగిన రంగు, పేరు బూరె. మా కాటుక ఉన్న ఇంట్లోకి పిల్లా అని నేను కంగారు పడటం మొదలుపెట్టాను. కాళ్లు కదలని మనిషికి ఆ కంగారు ఎంత మేలు చేసిందో చెప్పలేను.

అసలు పరీక్ష తర్వాత వచ్చింది. నన్ను వార్డుకు మార్చిన వారంలోనే మా పెద్ద మేనమామ పోయారు. నాకు అక్షరాభ్యాసం నాడు ఒళ్లో కూర్చోబెట్టుకుని బియ్యంలో చేయి పట్టి రాయించిన మనిషి. మా అమ్మకి స్వయానా అన్నగారు. చెప్పొద్దని అమ్మ, పిన్ని, మా అన్నయ్య అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. దాని ఊపిరే అంతంతమాత్రం, ఏడిస్తే ఏమవుతుందో అని వాళ్ల భయం. ప్రేమతో పుట్టిన భయమే అది, తప్పు పట్టను. మా ఆయన మాత్రం డాక్టరు గారిని అడిగి, ఊపిరి బాగానే ఉందని తెలుసుకుని, తలుపు దగ్గరగా వేసి నా పక్కన కూర్చుని చెప్పారు. ఏడ్చాను. రెప్ప పూర్తిగా మూతపడదు కాబట్టి కన్నీళ్లు ఆగకుండా కారుతూనే ఉన్నాయి, ఆయన తడి గుడ్డతో తుడుస్తూనే ఉన్నారు. పదకొండో రోజున భోజనాల దగ్గర నుంచి వీడియోలో మామయ్య ఫొటోకి దండం పెట్టించారు. చెయ్యి లేవకపోతే ఆయనే నా రెండు చేతులూ కలిపి పట్టుకున్నారు. ఇంటికెళ్లాక ఎవరో నోరు జారితే ఆ సంగతి తెలిసి ఉంటే, ఆ దండం పెట్టుకునే అవకాశం నాకు ఈ జన్మకి ఉండేది కాదు.

అందుకే నాకు ఫోన్ చేసినవాళ్లకి ఇదే చెబుతున్నాను. టీవీలో భయపెట్టే వార్తలు వద్దు. డాక్టరుని ఒక మాట అడగండి. కానీ మన ఇంటి సంగతి మంచం మీదున్న మనిషికి కూడా హక్కే.

దసరాకి ముందు ఇంటికి తెచ్చారు. వీల్‌చైర్ గేటు దాటగానే కాటుక ఉరికి వచ్చి, చక్రం చూసి ఆగిపోయింది. వాసన చూసింది, చక్రం నాకింది, తర్వాత నా పాదాల మీద బోర్లా పడుకుంది. దాని బరువు కంటికి కనబడుతోంది గానీ పాదాలకు తెలియడం లేదు. ఫిజియో కుర్రాడు రోజూ ఇంటికి వచ్చేవాడు. మడమ ఎత్తడం, కాలివేళ్లతో తువ్వాలు దగ్గరికి లాగడం, వంటింటి గట్టు పట్టుకుని లేచి కూర్చోవడం. కుక్క అడ్డొస్తే వాకర్‌తో పడిపోతారు, కట్టేయండి అన్నాడు. అత్తయ్య ఒప్పుకోలేదు. పూజ గదిలోంచి చిన్న మువ్వ తెచ్చి దాని మెడకు కట్టారు. అది ఏ మూలనుందో చూడకుండానే తెలిసేది నాకు.

చేతి వేళ్లకి మందు కూడా అత్తయ్యే కనిపెట్టారు. కార్తీక పౌర్ణమికి 365 ఒత్తులు కావాలి. "అమ్మాయ్, ఈసారి నా కన్ను ఆనడం లేదు, ఒత్తులు నువ్వే చెయ్యి" అని పత్తి నా ఒళ్లో పెట్టారు. పత్తిలో గింజ తీసి, పింజ విడదీసి, అరచేతిలో కాస్త విభూది అద్దుకుని నలిపితే ఒత్తి సన్నగా, గట్టిగా రావాలి. నా వేళ్ల మధ్య అది ఉండకట్టేది, లేదంటే జారిపోయేది. బొటనవేలు, చూపుడువేలు కలిస్తే గానీ కుదరని పని. ఫిజియో కుర్రాడు చూసి, ఆ స్పాంజి బంతి పక్కన పెట్టేయండి, ఇదే చేయండి అన్నాడు. పౌర్ణమి నాడు తులసికోట దగ్గర వెలిగించిన కట్టలో సగం పైన నేను చేసినవే. మిగతావి వదిన చేసింది.

ఈలోగా ఇల్లు ఆగలేదు. తమ్ముడికి ఆడపిల్ల పుట్టింది. అత్తయ్య కంటి ఆపరేషన్ డిసెంబర్‌లో అయింది. నాకేమో కళ్ళు మూతపడటం వచ్చింది, ఆవిడకేమో కన్ను తెరవగానే అన్నీ తేటగా కనబడటం వచ్చింది. వదిన వాళ్లు ఇల్లు కడిగించుకుని, కరెంటు పని చేయించుకుని సింగ్‌నగర్ వెళ్లిపోయారు. బూరె మాత్రం కాటుక పొట్టకానుకుని పడుకోవడం మరిగి ఇక్కడే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం అది నా కాలి చిటికెన వేలి మీద ఆడుకుంటూ గోరు గుచ్చింది. అబ్బా అని అరిచాను. అరిచాక అర్థమైంది, నొప్పి తెలిసిందని. అందర్నీ కేకేసి పిలిచాను. చిన్నాడు పెన్ను మూతతో వేలు వేలూ గుచ్చి, ఎక్కడి దాకా తెలుస్తోందో నా పాదం మీద గీత గీశాడు. నా నరాలకు పైపొర మాత్రమే దెబ్బ తింది కాబట్టి ఇంత త్వరగా వచ్చిందట. లోపలి తీగె తెగితే అది పెరిగేది రోజుకి మిల్లీమీటరు చొప్పునే.

పెద్దదానికి భీమవరం సంబంధం కుదిరింది. నా జబ్బు గురించి చెప్పాలా అని ఇంట్లో మళ్లీ అదే చర్చ. ఈసారి నేనే ఫోన్ తీసుకుని వియ్యపురాలికి అంతా చెప్పాను. అంటువ్యాధి కాదు, వంశంలో వచ్చేది కాదు, డాక్టరుతో మాట్లాడాలంటే నంబరు ఇస్తాను అన్నాను. ఆవిడ డాక్టరు మాట ఎత్తలేదు. "మీరు మెట్లెక్కలేరు కాబట్టి మేమే వస్తాం, నిశ్చితార్థం మీ ఇంట్లోనే చేద్దాం వదినగారూ" అన్నారు. మాఘంలో అయింది. తాంబూలాలు మార్చుకునేటప్పుడు నిలబడ్డాను, ఒక పక్క మా ఆయన, ఒక పక్క వాకర్.

చిన్నాడి మార్చి పరీక్షలకు ఇంటిగ్రేషన్ అంతా నా మంచం పక్కనే చేశాడు. వాడు లెక్క పైకి చదవడం, నేను మెట్లు చెప్పడం. ఏప్రిల్ 12న రిజల్ట్స్ వచ్చాయి. మ్యాథ్స్ రెండు పేపర్లలోనూ వాడు అనుకున్నదానికంటే బాగా వచ్చాయి. జూన్‌లో స్కూళ్లు తెరిచినప్పుడు నేనూ వెళ్లాను. ఎడమ కాలికి చెప్పులో పట్టే స్ప్లింట్ ఉంది, పాదం వాలిపోకుండా. మా హెడ్మాస్టారు నా క్లాసులన్నీ కింది గదులకు మార్పించారు. బోర్డు పై సగంలో గీసే బొమ్మలు పిల్లల చేత గీయిస్తున్నాను, కింద సగం నేను రాస్తున్నాను.

కాలి వేళ్ల చివర ఇంకా మొద్దుగానే ఉంది. రెండేళ్ల దాకా మెరుగవుతూనే ఉండొచ్చని డాక్టరు గారు అన్నారు. వాకర్ అవసరం తీరింది, ఇవతల వీధిలో ఒకావిడకి తుంటి ఎముక విరిగితే వాళ్లకిచ్చాం. బ్యాంకులో గాజులు విడిపించాం, గొలుసు ఇంకా ఉంది, పెళ్లి లోపు తేవాలి. పెద్దది శుభలేఖ నమూనాలు ఫోన్లో పంపింది, అత్తయ్య కొత్త కంటితో ఒక్కో అక్షరమూ చదివి తప్పులు దిద్దుతున్నారు. బూరెని తీసుకెళ్తామని వదిన ఆదివారం వస్తానంది. కాటుక ఒప్పుకోదని చిన్నాడు వాళ్ల అత్తతో ఫోన్లోనే వాదిస్తున్నాడు.