పాత జీపుకు ప్యాకింగులు మార్పించిన అనుభవం

మా మహీంద్రా ఎంఎం 540 జీపు కింద కారే ఆయిల్ పట్టడానికి ఇన్నాళ్లూ పెట్టిన డబ్బా మూతను నిన్ననే తీసి పారేశాను. ఆయిల్ ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం తేలికే: ఇంజిన్‌ను డీజిల్‌తో కడిగి, ఆరాక పౌడరు చల్లి కాసేపు నడిపితే, ఇంజిన్ పైమూత అయిన టాపెట్ కవర్ అంచునా, కింద ఆయిల్ నిలిచే చాంబర్ అతుకు వద్దా పౌడరు తడిసి చారలు కట్టింది.

అసలు అవస్థ విజయవాడ ఆటోనగర్‌లో ఆ అతుకుల మధ్య ఆయిల్ కారకుండా వేసే ప్యాకింగులు (గాస్కెట్లు) కొనబోతే మొదలైంది. మాది 2112 సీసీ ప్యూజో ఇంజిన్ అని చెబుతున్నా వినిపించుకోకుండా, ఆ ఇంజిన్లు ఇప్పుడెక్కడివని కొట్టాయన 2523 సీసీ డీఐ ఇంజిన్ సెట్టు నా ముందు పడేశాడు. నేను సంచిలోంచి పాత చాంబర్ ప్యాకింగ్ తీసి దానిపై పరిచి, రంధ్రాలు కలవడం లేదని చూపితే, పాతది ముడుచుకుపోయిందండీ అన్నాడు. కార్క్ ఎండితే కుంచించుకుపోయే మాట నిజమేగాని, దానితోపాటు రంధ్రాల లెక్క కూడా మారుతుందా? అదే అడిగితే, కావాలంటే కొత్త రంధ్రాలు కొట్టిస్తానని, ‘మాస్టారూ, పాత జీపుకు ఆయిల్ కారుతోందంటే లోపల ఆయిల్ ఉందని సంతోషించాలి’ అని కొట్టంతా నవ్వించాడు. చివరకు లోపలి నుంచి ప్యూజో సెట్టు వచ్చింది. అందులోని కార్క్‌ను కొద్దిగా వంచగానే అప్పడంలా విరిగింది. ‘గమ్ము పూస్తే సరి’ అన్న ఆయన సలహాను ఆయనకే వదిలేసి పక్క వీధిలో కొన్నాను. పాత ముక్క వెంట తీసుకెళ్లండి. కార్క్‌ను వంచి చూడనివ్వని కొట్టు మెట్టెక్కకండి.

టాపెట్ కవర్‌ను తరచూ విప్పాల్సి ఉంటుంది కనుక, సరైన కొలతలో దొరికితే అక్కడ రబ్బరు మేలు. రేకు చాంబర్‌కు రబ్బరు కలిసిన కార్క్ వేయించాను. బోల్టులు బిగించీ బిగించీ రంధ్రాల అంచులు పైకి లేచి ఉంటే, చెక్క దిమ్మెపై పెట్టి సుత్తితో చదును చేయకుండా ఎంత ఖరీదైన ప్యాకింగ్ వేసినా దండగే. బలమంతా చూపి బిగిస్తే కార్క్ నలిగి పక్కలకు పొడుచుకొస్తుంది. సిలికాన్ గమ్ము దట్టంగా పూసే మెకానిక్‌లను నేను దగ్గరికి రానివ్వను. లోపలికి ఊడిన ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడితే ఇంజిన్ ప్రాణానికే ముప్పు.

విప్పినప్పుడే, ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే బ్రీదర్ గొట్టం కూడా శుభ్రం చేయించాను. అది మూసుకుపోతే లోపలి ఒత్తిడి కొత్త ప్యాకింగుల నుంచి సైతం ఆయిల్‌ను బయటికి తోస్తుంది.

ఇంజిన్‌లో తిరిగే ఇరుసు, అంటే క్రాంక్, వెనుక సీలు వద్ద సన్నటి చెమ్మ మాత్రం ఇంకా ఉంది. దానికి గేర్‌బాక్సు దించాలి కనుక, క్లచ్ ప్లేటు మార్చేటప్పుడు చూద్దామని వదిలేశాం.