ఇడ్లీకి కళ్లు ఎక్కడ పెట్టాలి?

నేను ఆరో తరగతికి లెక్కలు చెప్తాను. దిద్దాల్సిన నోటుపుస్తకాలు రోజూ దొంతర్లుగా వస్తాయి. పేజీ కింద 'గుడ్' అని రాసి సంతకం పెడితే పిల్లలు దాని వంక చూడను కూడా చూడరు. జపాన్‌లో చిన్న పిల్లల పుస్తకాల మీద చెర్రీ పువ్వు ఆకారంలో 'చాలా బాగా చేశావు' అని ముద్ర వేస్తారని తెలిసి, నేనూ అలాంటిదేదైనా చేద్దామనుకున్నాను. ముద్రకి బదులు బొమ్మ వేస్తే? అలా పట్టుకున్నాను కవాయి బొమ్మల్ని, అంటే జపాన్ తరహా ముద్దొచ్చే బొమ్మల్ని. ఉన్న సరంజామా ఎర్ర బాల్‌పెన్ను. ఒక్కో బొమ్మకి దొరికేది పావు నిమిషం.

కొన్నాళ్లపాటు రఫ్ పుస్తకంలో గుండ్రాలు గీసి, ఒక్కోదాంట్లో రెండు చుక్కలూ ఒక చిన్న వంపూ పెడుతూ కూర్చున్నాను. కళ్లు గుండ్రంలో పైకి పెడితే పెద్దమనిషి మొహం వస్తుంది. అవే చుక్కల్ని మధ్యకన్నా కిందికి దించి, బాగా ఎడంగా జరిపి, నోటిని దాదాపు అదే వరుసలో ఇరికిస్తే పసిపాప అయిపోతుంది! ఆస్ట్రియా శాస్త్రవేత్త కోన్రాడ్ లోరెంజ్ 1943లోనే దీని గురించి రాశాడు. పెద్ద తల, ఎత్తు నుదురు, కిందుగా ఉండే పెద్ద కళ్లు, ఉబ్బిన బుగ్గలు చూడగానే సాకాలనిపించే గుణం మనలో ఉందట. ముద్దు అనేది చెయ్యి తిరగడంలో కాకుండా నిష్పత్తుల్లో ఉందని తెలిశాక నాకు టెన్షన్ పోయింది. నిష్పత్తులైతే నేను రోజూ చెప్పేవే.

ఒంటికీ అదే లెక్క. మామూలు మనిషి ఎత్తు ఏడు, ఏడున్నర తలలుంటుంది. ఈ బొమ్మలకి రెండు తలల ఎత్తు చాలు. మెడ అక్కర్లేదు, వేళ్లు అసలే వద్దు.

నోరు కూడా లేకపోయినా నడుస్తుంది. 1974లో సాన్రియో కంపెనీ కోసం యూకో షిమిజు గీసిన హలో కిట్టీ అనే పిల్లి బొమ్మకి నోరు లేదు. చూసేవాళ్లు తమ మనసులో ఉన్నది దాని మొహంలో చూసుకోవడానికే అలా వదిలేశామని కంపెనీ చెప్తుంది. నేనూ నోరు లేని పిల్లిని వేసి చూశాను. లెక్క తప్పినచోట వేస్తే ఓదారుస్తున్నట్టుంది, సరిగ్గా చేసినచోట వేస్తే మెచ్చుకుంటున్నట్టుంది. తొందరలో ఉన్న టీచరుకి ఇంతకన్నా ఏం కావాలి?

మాంగా, అంటే జపాన్ కామిక్స్‌లో వాడే గుర్తులు కొన్ని బాగా పనికొచ్చాయి. కూడికలో పరధ్యానంగా తప్పు చేస్తే బొమ్మ కణత దగ్గర చెమట చుక్క. సిగ్గుకి బుగ్గల మీద రెండు ఏటవాలు గీతలు. కోపానికి నుదుటి మీద నరం పొంగినట్టు వేసే గుర్తు మాత్రం మానేయాల్సి వచ్చింది. ఒక పిల్లాడు పుస్తకం తెచ్చి, "మేడం, ఇక్కడ ప్లస్ పెట్టారు, దేనికి కలపాలి?" అన్నాడు.

నెట్లో అరవై బొమ్మలు, వంద బొమ్మలు నేర్పిస్తామనే వీడియోలు బోలెడున్నాయి. వాటిని చూసి కాపీ కొట్టడంకన్నా, ఒక్క మొహం బాగా వచ్చాక దాన్ని కంటికి కనిపించిన ప్రతిదానికీ తగిలించడమే మేలని నా అభిప్రాయం. జపాన్ వాళ్లు చేసిందీ అదే కదా. గుడ్డు సొనకి బద్ధకం మొహం పెట్టి 2013లో గుడెటామా అన్నారు. నాకు ఇడ్లీ దొరికింది. అది పుట్టుకతోనే కవాయి! గారెతోనే పేచీ. మొహం ఉండాల్సిన చోట చిల్లుంటుంది. చివరికి ఆ చిల్లునే తెరిచిన నోరు చేసి, అదే వరుసలో అటొక కన్ను, ఇటొక కన్ను పెట్టాను. ప్రస్తుతం క్లాసులో దానికే గిరాకీ.

అసలు కష్టం అదే బొమ్మని మళ్లీ అలాగే వేయడం. పిల్లలు పక్కపక్కన పుస్తకాలు పెట్టి పోల్చుకుంటారు, "వాడి ఇడ్లీ లావుగా ఉంది మేడం" అంటారు. అందుకని వరస ఖాయం చేసుకున్నాను. ముందు కళ్లు, తర్వాత నోరు, ఆఖరున చుట్టూ గీత. మొహం ముందే కుదిరితే గుండ్రం కాస్త అటూ ఇటూ అయినా తెలియదు. గీత చివరలు కలవకపోయినా ఫర్వాలేదు, ఒకదాని మీదికి ఒకటి ఎక్కితేనే మురికిగా కనిపిస్తుంది. కళ్లలో తెల్ల మెరుపు వదలడం నాకు కుదరదు, అంత టైముండదు. జెల్ పెన్నుతో వేస్తే సిరా ఆరకముందే ఎదుటి పేజీకి అంటుకుంటుంది, కాబట్టి బాల్‌పెన్నే.

ఇదంతా ఎక్కడ మొదలైందో చదివినప్పుడు నవ్వొచ్చింది. 1970లలో జపాన్ స్కూలు అమ్మాయిలు సన్నటి లెడ్ పెన్సిళ్లతో అక్షరాల్ని గుండ్రంగా రాస్తూ, మధ్యలో గుండెలూ నక్షత్రాలూ మొహాలూ గీసేవాళ్లట. చదవలేక విసిగి కొన్ని బడులు ఆ రాతని నిషేధించాయి కూడా. అక్కడ టీచర్లు వద్దన్నదాన్ని నేను పనిగట్టుకుని నోటుపుస్తకాల్లో వేస్తున్నాను.

ఇప్పుడు పక్కకి తిరిగిన మొహం నేర్చుకుంటున్నాను. ముక్కు గీయకుండా కళ్లనీ నోటినీ కలిపి ఒక పక్కకి జరిపితే తల తిప్పినట్టే ఉంటుంది. పిల్లికీ ఇడ్లీకీ కుదిరింది. గారెకి చిల్లు కదలదు, కాబట్టి అది ఎప్పుడూ ఎదురుగానే చూస్తుంది.