ఎక్కడ ఆగావో ఆ లైను పంపు

మా స్టాఫ్‌రూమ్‌లో డిజిటల్ అన్న మాట చెవిన పడితే చాలు, "మళ్ళీ ఏం లింకొచ్చింది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. లింకులకేం కొదవ లేదు. పాఠ్యపుస్తకంలో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్ష యాప్‌లో వీడియో తెరుచుకుంటుంది. టీవీలో పీఎం ఈ-విద్య ఛానళ్ళు. యూట్యూబ్ సంగతి సరేసరి, ఒక్కో లెక్కకి పాతికమంది మాస్టార్లు. అన్నీ బడి నుంచి ఇంటికి వెళ్ళేవే. రాత్రి పుస్తకం ముందేసుకుని కూర్చున్న పిల్లాడు ఎక్కడ ఆగిపోయాడో ఆ కబురు మాత్రం బడికి రాదు. తెల్లారేసరికి నోట్సులో లెక్క పూర్తయి ఉంటుంది, పక్కవాడి నోట్సులోంచి ఎక్కించి.

నేను విశాఖపట్నంలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో పదో తరగతికి లెక్కలు చెప్తాను. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ సప్తగిరిలో పదో తరగతి పాఠాలు వేశారు. చూడమని మేమూ ఇంటింటికీ ఫోన్లు చేసి చెప్పాం. ఆ ఏడు పబ్లిక్ పరీక్షలే రద్దయ్యాయి గనక ఎవరికి ఎంత బుర్రకెక్కిందో తేలనేలేదు. తర్వాత 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు ఇచ్చింది. పాఠాలు ముందే అందులో వేసి ఉండేవి. కొండవాలు ఇళ్ళల్లో సిగ్నల్ సరిగా అందని మా ఆరిలోవ పిల్లలకి ఇది నిజంగా మేలే. ఆ బ్యాచ్ 2025 మార్చిలో పది రాసింది. పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూసుకునే ఓపిక ఉన్నవాళ్ళు బాగుపడ్డారు, ఒప్పుకుంటాను. కానీ "నాకు ఈ స్టెప్పు అర్థం కాలేదు" అని ఎవరైనా ఆ ట్యాబ్ ముందు అనుకుని ఉంటే, ఆ మాట నాదాకా రాలేదు.

పిల్లల చదువులు ఎలా ఉన్నాయో చూసే అసర్ 2024 సర్వే గ్రామాల్లో చేసింది. 14 నుంచి 16 ఏళ్ళ పిల్లల్లో స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్ళని అడిగితే, ముందు వారంలో చదువుకి వాడామన్నవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడామన్నవాళ్ళు 76 శాతం. మా సిటీ పిల్లలు ఇంకో నాలుగాకులు ఎక్కువే చదివుంటారు. కాబట్టి ఫోను ఇంట్లో ఉందా లేదా అన్న ప్రశ్న నాకిప్పుడు పెద్దగా పట్టదు. సాయంత్రం ఏ టైముకి ఎవరి చేతిలో ఉంటుందన్నదే అసలు సంగతి.

నేను పెట్టుకున్న పద్ధతి చాలా చిన్నది. పూర్తయిన హోంవర్క్ ఫోటో నాకొద్దు. ఎక్కడ ఆగావో ఆ లైను ఫోటో పంపు, చెరపకుండా. తొమ్మిదింటి లోపు వస్తే ఆ రాత్రే ఒక నిమిషం వాయిస్ మెసేజ్ పెడతాను. తొమ్మిది దాటితే రేపు క్లాసులో. వీడియో ఎందుకు చేయనంటే, వీడియోకి డేటా కావాలి, నాకు తీరికా కావాలి. గొంతు చాలు.

మొన్న వచ్చిన ఒక ఫోటో చెప్తాను. 6ఎక్స్ స్క్వేర్ మైనస్ ఎక్స్ మైనస్ 2, దీన్ని కారణాంకాలుగా విడగొట్టాలి. మధ్య పదాన్ని ప్లస్ 3ఎక్స్, మైనస్ 4ఎక్స్‌గా చక్కగా చీల్చాడు. మొదటి జత లోంచి 3ఎక్స్ బయటికి తీస్తే బ్రాకెట్‌లో 2ఎక్స్ ప్లస్ 1 వచ్చింది. రెండో జత లోంచి మైనస్ 2 బయటికి తీసి బ్రాకెట్‌లో 2ఎక్స్ మైనస్ 1 వేశాడు. రెండు బ్రాకెట్లూ కలవవు కదా, అక్కడ పెన్ను ఆగింది. పక్కన మార్జిన్‌లో ఇంకో రెండు రకాలుగా చీల్చి చూసి కొట్టేశాడు. అంటే వాడు అనుమానించింది బాగా చేసిన స్టెప్పుని! "నాన్నా, చీల్చడం కరెక్టే, దాని జోలికి పోకు. మైనస్‌ని బయటికి తీసినప్పుడు లోపల గుర్తు ఏమవ్వాలి?" అని పెట్టాను. కాసేపటికి ఒక దండం బొమ్మ వచ్చింది. వాడు పూర్తి చేసిన లెక్క తెచ్చి ఉంటే టిక్ పెట్టేసేదాన్ని, ఖాళీగా తెచ్చి ఉంటే అసలు ముట్టుకోలేదనుకుని తిట్టేదాన్ని. కొట్టేసిన ఆ మార్జిన్ చూశాకే వాడి తల్లో ఏం జరుగుతోందో నాకు తెలిసింది.

పొద్దున్న ఆ ఫోటోని క్లాసులో ఐఎఫ్‌పీ ప్యానెల్ మీద, అంటే బోర్డులా వాడే పెద్ద టచ్ స్క్రీన్ మీద వేస్తాను, పేరు కనపడకుండా. మొదట్లో పిల్లలు సిగ్గుపడతారేమో అనుకున్నా. ఏం లేదు, "అది నాదే మేడం" అని గొప్పగా చేతులెత్తేస్తున్నారు. అదే గుర్తు దగ్గర తప్పిన వాళ్ళు క్లాసులో సగం మంది ఉంటారు గనక చర్చ దానంతటదే నడుస్తుంది.

ఇక ఫోన్ల గొడవ. మా పిల్లల్లో చాలామంది బీచ్ పక్క జాలారి పేటల వాళ్ళు. నాన్న ఫిషింగ్ హార్బర్ నుంచి మరబోటు మీద వేటకి వెళ్తే రోజుల తరబడి రాడు, మంచి ఫోను ఆయన దగ్గరే. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. అప్పుడు నాన్నా ఫోనూ ఇంట్లోనే ఉంటారు, మాకేమో వేసవి సెలవులు! ఈ లెక్క మాత్రం ఎప్పటికీ కలవదు. అందుకని పక్కింటి అక్కదో, చిన్నాన్నదో, ఎవరి ఫోను నుంచి పంపినా సరే, మొదట పేరు చెప్పి పంపమన్నాను. అదీ లేనివాళ్ళ కోసం క్లాసు బల్ల మీద ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. ఆగిన లైను అందులో రాసి ప్రార్థన కన్నా ముందు పెట్టేస్తారు. ఇందులో డిజిటల్ ఏముంది అని మా హెచ్‌ఎంగారు నవ్వారు. దాన్నీ ఫోటో తీసి ప్యానెల్ మీదే వేస్తాను కదా, చాలు.

ఫోటో తీస్తే చాలు మొత్తం లెక్క చేసిపెట్టే యాప్‌లు వచ్చాయి, ఏఐ వచ్చింది. పట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు. కారణాంకాలు చెప్పిన వారంలోనే ఒకమ్మాయి అదే లెక్కని వర్గసమీకరణ సూత్రంతో, ముత్యాల్లాంటి స్టెప్పులతో పంపింది, ఆ సూత్రం నేనింకా చెప్పనేలేదు. కోప్పడలేదు. "మూడో లైనులోకి ఆ 49 ఎలా వచ్చిందో వాయిస్‌లో చెప్పు" అన్నాను. మర్నాడు సాయంత్రం వచ్చింది, వెనక టీవీ మోత, మధ్యలో వాళ్ళ తమ్ముడి గోల, ఎవరినో అడిగి తెలుసుకుని తన మాటల్లోనే చెప్పింది. యాప్ చూసి నేర్చుకుంటే నాకేం అభ్యంతరం? చూసి ఊరుకుంటేనే బాధ.

పెద్దవాళ్ళతో సంగతి వేరు. 2025లో పది హాల్ టికెట్లు, ఫలితాలు కూడా ప్రభుత్వం వారి మన మిత్ర వాట్సాప్ సేవలోకి వచ్చేశాయి గనక ఫోనుకీ బడికీ ఏదో సంబంధం ఉందని అందరికీ తెలుసు. కానీ ఒకావిడ చేపల గంప దించి నాతో అంది: "మేడంగారూ, ఫోను ఇయ్యమంటే ఆటకేమో అని ఇవ్వనేదండి." ఆవిడకి చదవడం రాదు. అందుకే తల్లిదండ్రులకి నేను టైపు చేసిన మెసేజ్ పంపను, "ఏడున్నర నుంచి ఎనిమిది దాకా ఫోను వాడికివ్వండమ్మా, లెక్కలకే" అని నోటితో చెప్పి పంపుతాను. కొందరు తిరిగి వాయిస్ పెడతారు, మార్కుల సంగతి కాక పెళ్ళిళ్ళ సంగతులు కూడా.

ఈ వారం త్రికోణమితి అనువర్తనాలు మొదలుపెట్టాం. కోణమానినికి కొబ్బరిబొండం స్ట్రా అంటించి, దారం వేలాడదీసి, దాని చివర బరువు కట్టాలి. బరువుకి ఏం దొరుకుతుందా అని నేను ఆలోచిస్తుంటే పిల్లలు వలకి కట్టే సీసపు గుళ్ళు పట్టుకొచ్చారు. స్ట్రా లోంచి చెట్టు కొన చూస్తూ కోణం 45 డిగ్రీలు వచ్చేదాకా వెనక్కి నడవమన్నాను. అప్పుడు టాన్ విలువ 1, కాబట్టి చెట్టు దాకా దూరం ఎంతో, కంటి మట్టం నుంచి చెట్టు కొన ఎత్తూ అంతే. నిన్న రాత్రి ఒకమ్మాయి పంపింది: ఇంటి వెనక కొబ్బరిచెట్టు, దూరం 8 మీటర్లు, ఎత్తు 8 మీటర్లు, కింద రెండు గీతలు. నేల నుంచి తన కళ్ళ ఎత్తు 1.4 మీటర్లు కలపలేదు. తనకి వాయిస్ పెట్టలేదు. రేపు ప్యానెల్ మీద మొదటి ఫోటో అదే, చూద్దాం, ఎవరు పట్టుకుంటారో.