24 బిట్లా, 32 బిట్లా?

మాది పర్లాకిమిడి. మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడిది పాతపట్నం. మధ్యలో రాష్ట్ర సరిహద్దు ఉందన్న మాటే గానీ, బండి మీద ఇట్టే వచ్చేస్తాడు. వర్క్ ఫ్రమ్ హోమ్ కాబట్టి టెస్ట్ బోర్డు మా ఇంట్లోనే ఉంటుంది. ఆమధ్య లినక్స్ ఆడియో డ్రైవర్‌లో ఒక హెల్పర్ ఫంక్షన్‌ని సింపుల్ చేశానని రివ్యూకి పంపాడు.

ఆ ఫంక్షన్ చేసే పని చిన్నదే. ఐ2ఎస్ (చిప్‌ల మధ్య డిజిటల్ ఆడియో పంపే పద్ధతి) బిట్ క్లాక్, అంటే బిట్లు వెళ్లే వేగం, ఎంత ఉండాలో లెక్క కడుతుంది. శాంపిల్ రేటు, ఛానెళ్లు, స్లాట్‌కి (ఒక్కో శాంపిల్‌కి కేటాయించిన చోటు) ఎన్ని బిట్లు, ఈ మూడూ గుణిస్తే సరి. దానికి పాత కోడ్‌లో బారెడు స్విచ్ కేసు: శాంపిల్ ఫార్మాట్ ఎస్16 అయితే 16, ఎస్24 అయితే 32, ఎస్32 అయితే 32, ఇంకేదైనా అయితే మైనస్ ఎర్రర్ కోడ్. ఫంక్షన్ తిరిగిచ్చేదేమో అన్‌సైన్డ్, అంటే మైనస్ ఉండని సంఖ్య! పిలిచిన చోట సున్నాకంటే తక్కువా అని చూసే చెక్ ఏనాడూ పనిచేసి ఉండదు. నిజానికి దాంతో అవసరమూ పడదు, డ్రైవర్ చెప్పిన జాబితాలో లేని ఫార్మాట్‌ని లినక్స్ సౌండ్ వ్యవస్థ అల్సా ముందే ఆపేస్తుంది. కాబట్టి స్విచ్ తీసెయ్యడం మంచి ఆలోచనే.

తీసేసి, శాంపిల్ ఎన్ని బిట్లో చెప్పే పారామ్స్ విడ్త్ అనే కెర్నెల్ ఫంక్షన్ పెట్టాడు. అక్కడే నేను ఆగిపోయాను. పైన చెప్పిన ఎస్24 అంటే ఎస్24 ఎల్ఈ, అందులో శాంపిల్ 24 బిట్లే అయినా మెమరీలో 32 బిట్ల చోటు తీసుకుంటుంది. పారామ్స్ విడ్త్ 24 ఇస్తుంది, పారామ్స్ ఫిజికల్ విడ్త్ 32 ఇస్తుంది. 48 కిలోహెర్ట్జ్ స్టీరియోకి మొదటిదైతే 2.304 మెగాహెర్ట్జ్, రెండోదైతే 3.072. ఈ ఫార్మాట్‌కి మా కోడెక్ (బోర్డు మీది ఆడియో చిప్) 32 బిట్ల స్లాటే అడుగుతుంది.

"పాట బాగానే వచ్చింది కదన్నా" అన్నాడు. వస్తుంది మరి! వాడు వేసింది 16 బిట్ల ఫైలు, దానికి రెండు లెక్కలూ ఒకటే. పైగా ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ అనే అల్సా డివైస్ మీద వేశాడు. అది అవసరమైతే ఫార్మాట్‌ని చడీచప్పుడు లేకుండా మార్చేస్తుంది.

ఆదివారం ఇంటికి రమ్మన్నాను. ఏప్లే అనే ఆడియో ప్లే చేసే కమాండ్‌కి నేరుగా హార్డ్‌వేర్ డివైస్ పేరిచ్చి, ఎస్24 ఎల్ఈలో 1 కిలోహెర్ట్జ్ టోన్ పెట్టాం. కెర్నెల్ వివరాలు చూపే ప్రాక్ ఫోల్డర్ కింద హెచ్‌డబ్ల్యూ పారామ్స్ ఫైలు చూస్తే ఫార్మాట్, రేటు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. స్పీకర్‌లోంచి మాత్రం ఒకటే గరగర. పక్కింటి మావుసీ గోడ మీంచి "కొణొ హెలా?" (ఏమైంది?) అని అడిగితే, అమ్మ ఒడియాలో ఏదో సర్దిచెప్పింది. బిట్ క్లాక్ పిన్నుకి లాజిక్ అనలైజర్ తగిలిస్తే 2.3 మెగాహెర్ట్జ్ దగ్గరుంది. ఫిజికల్ విడ్త్ పెట్టి మళ్లీ బిల్డ్ చేశాక 3.07కి వచ్చింది, టోన్ కూడా శుభ్రంగా వినిపించింది.

"మరి కెర్నెల్‌లో బిట్ క్లాక్ లెక్కకట్టే పారామ్స్ టు బీక్లాక్ రెడీమేడ్‌గా ఉంది కదా, అది వాడేద్దామా?" అన్నాడు. మంచి ప్రశ్నే. ఇద్దరం కూర్చుని దాని లోపల చూశాం. అదీ విడ్త్‌నే తీసుకుంటుంది, మళ్లీ 24 దగ్గరికే వస్తాం. దాంతో మా హెల్పర్‌ని ఒక్క గుణకారం లైనుతో ఉంచేశాం.

ఎస్24 3ఎల్ఈ అని ఇంకో ఫార్మాట్ ఉంది. దాని ఫిజికల్ విడ్త్ కూడా 24. మా డ్రైవర్ జాబితాలో లేదు గానీ, రేపెవరైనా చేరిస్తే ఇదే గరగర. ఆ సంగతి కమిట్ మెసేజ్‌లో రాయమన్నాను. రాశాడు, ఫంక్షన్ కంటే అదే పొడుగైంది.