బొంగరం తగిలిన కాలు

ఆదివారం. పొద్దున పప్పు తాలింపు పెడుతుంటే వరండాలోంచి కేక. మావాడు తిప్పిన బొంగరం ఎదురింటి ఆంటీ కాలికి తగిలిందట. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో వరండా ఎంతని! ఎటు తిప్పినా ఎవరి కాలో ఉంటుంది.

"రేపు పరీక్ష పెట్టుకొని బొంగరాలాడుతున్నవా బిడ్డా?" అందావిడ. నాకు తలకొట్టేసినట్టయింది. అమ్మ మాత్రం ఒకటే నవ్వు. "పల్నాటి వీరుడు బాలచంద్రుడికీ ఇదే మాట పడింది" అంది.

అమ్మది పల్నాడు. కారంపూడిలో కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు వీరుల తిరునాళ్ళు. పిచ్చికుంట్లవాళ్ళు కథ పాడుతుంటే పెద్దవాళ్ళ ఒళ్ళో నిద్రపోతూ వినేదట. ఆ కథలో యుద్ధం సంగతి బాలచంద్రుడి చెవిన పడకుండా తల్లి ఐతమ్మ దాస్తుంది. బొంగరం తగిలిన ఆడమనిషి దెప్పితేగానీ తనవాళ్ళు యుద్ధానికి కార్యమపూడికి, అంటే ఈ కారంపూడికే, పోయారని అతనికి తెలియదు. పన్నెండో శతాబ్దపు పోరు అది. ఇన్నాళ్ళు పాటలో నిలిచిన వీరుడు కదలడానికి కాలి నొప్పితో ఒకామె అన్న మాట కావాల్సి వచ్చింది! అతను చచ్చిపోతాడని వినేవాళ్ళందరికీ తెలుసు. అయినా భార్య మాంచాల కత్తి చేతికిచ్చి పంపే చోట ఏటా ఏడుపే.

నేను ఇక్కడే ఆగి, వీరులంతా ఇంతే, ఎవరో ఒకరు దెప్పిపొడవాలి అన్నాను. ఆంటీ ఒప్పుకోలేదు. వాళ్ళది జనగామ దిక్కు, ఖిలాషాపురం దగ్గర. "మా సర్వాయి పాపన్నను ఎవలు దెప్పిపొడిచిన్రు? తనంతల తనే లేచిండు" అంది. నిజమే. కల్లు గీసే ఇంట పుట్టి గోల్కొండ మీద కన్నేసినవాడు. 1708లో వరంగల్లు మీద పడ్డాడు, 1710లో మొగలులు చంపేశారు. మొగలుల చరిత్ర రాసిన ఖాఫీఖాన్ రాతల్లో బందిపోటు, పాటలో వీరుడు. నాకు పాటే నచ్చుతుంది, అందులో పాపన్న తన ఆశ చెప్పుకునేది తల్లి సర్వమ్మతో కాబట్టి. ఐతమ్మ దాచింది, సర్వమ్మ విన్నది. ఇద్దరిలో ఎవరి టెన్షన్ ఎక్కువో!

ఈలోగా పప్పు అడుగంటింది.

రాత్రి లెక్కల పుస్తకం ముందేసుకుని మావాడు అడిగాడు: "అమ్మమ్మా, మరి ఆ బొంగరం ఏమైంది?"

అమ్మ కాసేపు ఆలోచించింది. "ఆ ముక్క వచ్చేసరికి నిద్రపోయి ఉంటాన్రా" అంది.

వాడు లేచి, చెప్పుల స్టాండ్ కింద దూరిన తన బొంగరం కోసం చీపురుపుల్లతో తడుముతున్నాడు.